గవర్రాజు కలిపిన నారుమట్టి

చినగరువులో తెలివైన ఇల్లు ఏదని ఎవరూ అడిగేవారు కాదు. అడక్కుండానే గవర్రాజు చెప్పేవాడు. "మా ఇంట్లో ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తామండీ. సొంత బుర్ర వాడి పాడు చేసుకోం," అని. ఆ మాట మాత్రం నిజం. గవర్రాజు, పెళ్ళాం సూరమ్మ, తమ్ముడు అబ్బులు, ముగ్గురూ బుర్రల్ని కొన్న కొత్తలో ఉన్నట్టే ఉంచుకున్నారు.

ఆ ఇంటికి ఓ ఉదయం మేనత్త పేరంటాలు వచ్చింది, చేతిలో చిన్న గుడ్డమూటతో. మూటలో చిటికెడు తెల్లవంగ విత్తనాలున్నాయి. వాళ్ళమ్మ నాటి నుంచి ఏటా కట్టుకుంటూ వస్తున్న విత్తనం. నిరుడు వరదకి తోటలన్నీ కుళ్ళిపోయి, ఆ చిటికెడే మిగిలింది. ఆవిడేమో కూతురింటికి పదిహేను రోజులు వెళ్ళాలి. ఈలోగా నారు పోసే అదను దాటిపోతుంది.

"ఒరేయ్ గవర్రాజూ, మామూలు మట్టిలో పొయ్యకు. కొబ్బరిపొట్టు రెండు వంతులు, మాగిన పేడెరువు ఒక వంతు, ఇసుక ఒక వంతు. పొట్టుని నానబెట్టి ఉప్పంతా పోయేలా కడుగు. అన్నీ కలిపి జల్లించు. జల్లెట్లో ఏం మిగిలినా పారెయ్. పిడికిట్లో పిసికితే ముద్దవ్వాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అప్పుడు విత్తనాలు చల్లి, మొలకొచ్చేదాకా ఓ కన్నేసి ఉంచు. ఇవి పోతే మళ్ళీ దొరకవురా," అంటూ పేరంటాలత్త కళ్ళొత్తుకుంది.

ఆ కన్నీళ్ళు చూసి గవర్రాజుకి గుండె తరుక్కుపోయింది. ఒక్క మాట కూడా పొల్లు పోకూడదనుకున్నాడు పాపం.

అబ్బులు పొట్టు నానబెట్టి, కాస్త తీసి నోట్లో వేసుకున్నాడు. "అన్నయ్యా, ఉప్పు లేదే! చప్పగా ఉంది."

"లేని ఉప్పు ఎలా పోతుందిరా? ముందు ఉండాలిగా!"

ఇంకేముంది, సూరమ్మ రెండు కిలోల కల్లుప్పు తెచ్చి గుమ్మరించింది. అప్పుడు కడగడం మొదలెట్టారు. ఒక్కో నీళ్ళకీ అబ్బులు గుప్పెడు రుచి చూశాడు. తొమ్మిదో నీళ్ళకి ఉప్పు పోయింది. అబ్బులుకి ఆ పూట ఆకలి కూడా పోయింది.

తర్వాత ఎరువు, ఇసుక కలిపి జల్లించారు. గవర్రాజు గుప్పెడు తీసి పిసికాడు, ముద్దయింది. పొడిచాడు, విడిపోయింది.

"ఈ గుప్పెడు సరే. మరి మిగతా కుప్ప సంగతేంటండీ?" అంది సూరమ్మ. తెలివైన ప్రశ్నే. అంతే, కుప్ప మొత్తం లడ్డూలు చుట్టారు. నాలుగొందల పన్నెండు లడ్డూలు. అన్నిట్నీ అబ్బులు వేలితో పొడిచి విడగొట్టాడు. అయ్యాక, "విడిపోయినవి మళ్ళీ ముద్దవుతాయంటావా?" అని వాడికే అనుమానం వచ్చింది. మళ్ళీ చుట్టారు. అలా ఎనిమిది రోజులు గడిచాయి. అబ్బులు వేలు వాచి దొండకాయంత అయింది.

చివరికి మట్టి తొట్టిలో పోసి విత్తనాలు చల్లారు. అత్త ఓ కన్నేసి ఉంచమంది కాబట్టి రెండో కంటికి తువ్వాలు కట్టుకుని, వంతులవారీగా కాపలా కూర్చున్నారు.

నాలుగోనాడు గవర్రాజు ఒంటికంటికి తొట్టిలో శనగగింజంత రాయి కనిపించింది. వాడికి ముచ్చెమటలు పోశాయి. అత్త జల్లించమంటే రాయి మిగిలిందా! అంతే, తొట్టి ఎత్తి మట్టంతా మళ్ళీ జల్లించేశాడు. జల్లెట్లో రాయి మిగిలింది, విత్తనాలూ మిగిలాయి.

"ఇవి అత్త ఇచ్చినవేమో అన్నయ్యా!"

"అయితే? ఏం మిగిలినా పారెయ్యమంది. విత్తనాలు తప్ప అందా?"

"అనలేదు."

పారేశారు. పెరట్లో తిరిగే నల్ల కోడిపెట్ట పరిగెత్తుకొచ్చి గింజ మిగలకుండా ఏరుకు తింది. అప్పుడు గుర్తొచ్చింది గవర్రాజుకి, ఇవి పోతే మళ్ళీ దొరకవన్న మాట. అత్తకి ఏ మొహం చూపించాలి?

"పోవడమేంటండీ, ఎక్కడున్నాయో తెలుసుగా," అంది సూరమ్మ. "పెట్ట పొట్టలో ఉన్నాయి. దాన్నే నాటేస్తే సరి."

గవర్రాజు ప్రాణం లేచొచ్చింది. పెట్టని తొట్టిలో మెడ దాకా పాతి, నీళ్ళు చిలకరించారు.

మర్నాడు పొద్దున్నే పేరంటాలత్త వచ్చింది. తువ్వాళ్ళు కట్టుకున్న ముగ్గురినీ, మధ్యలో గుర్రుమంటున్న పెట్టనీ చూసి నిలబడిపోయింది. "నారేదిరా?"

"ఇదిగో అత్తా! తల బయటికొచ్చింది. ఇక ఆకులెయ్యడమే," అని గవర్రాజు జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"అయ్యో! మా అమ్మ విత్తనం! మట్టిపాలు చేసినా మొలిచేదిరా, కోడిపాలు చేశారు కదరా!" అని ఆవిడ గుండెలు బాదుకుంది. ఆ కేకలకి పెట్ట బెదిరి, రెక్కలు కొట్టుకుని, మట్టి చిమ్ముకుంటూ గోడ దూకి పారిపోయింది. తొట్టిలో తెల్లగా, నున్నగా ఒకటి మెరిసింది.

"కాసింది!" అని గవర్రాజు ఎగిరి గంతేశాడు. "తెల్లవంకాయ! పూత లేకుండానే కాసిందత్తా! ఊరుకో, మీ అమ్మ విత్తనం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడే తీసిస్తాను."

ఆవిడ అడ్డం పడేలోపే నీళ్ళ గిన్నెలో దాన్ని చితక్కొట్టి, వంకాయ గుజ్జులో వెతికినట్టే వేళ్ళతో గింజల కోసం దేవాడు. దేవి దేవి తలెత్తాడు. వాడి మొహం కందగడ్డలా ఎర్రబడింది.

"లేతకాయ అత్తా, ఇంకా గింజ కట్టలేదు. నువ్వు అరిచి మొక్కని పరిగెత్తించకుండా ఉంటే ఇంకో రెండ్రోజులకి ముదిరేది!"