కుందమ లెక్కగట్టిన కమాను

ఏ కాలపు మాటో గాని, శిలావతి అనే రాజ్యం ఒకటి ఉండేది. ఆ రాజ్యాన్ని రెండుగా చీల్చుకుంటూ పెద్ద ఏరు పారేది. ఏటా వానాకాలంలో పడవలు తిరగబడి మనుషులు కొట్టుకుపోయేవారు. అందుకని రాజుగారు ఆ ఏటి మీద ఏడు కమానుల రాతివంతెన కట్టించసాగారు.

ఆరు కమానులు లేచిన ఏడాదే కుందమ అనే యువతి శిల్పశాలలో చదువు ముగించింది. కట్టడాల గణితంలో ఆమెదే మొదటి స్థానం. పెద్ద స్థపతి రేచనగారు ఆమెను కొలువులో చేర్చుకున్నారు. వేలికి ముద్రటుంగరం తొడిగి, ఏడో కమాను లెక్క ఆమెకు అప్పగించారు.

మొదటిరోజు కుందమ ఏటి ఒడ్డున నిలబడి ఆ కమానులను అలాగే చూస్తూ ఉండిపోయింది. ఎద్దులంత రాళ్ళు! కింద స్తంభం లేదు, పైన తాడు లేదు. గాలిలో వంగి నిలిచాయి.

"అయ్యగారూ, ఇవి పడిపోవా?" అని అడిగింది.

"పడాలనే చూస్తున్నాయమ్మా," అన్నారు రేచనగారు. "అన్నీ ఒక్కసారే పడబోయి, ఒకదానికొకటి అడ్డం తగులుకున్నాయి. అంతే."

కుందమ ఒళ్ళు గగుర్పొడిచింది. పుస్తకంలో చదివినప్పుడు ఇది ఇంత పెద్ద సంగతి అని ఆమెకు తెలియలేదు.

నెలలు గడిచాయి. ఏడో కమాను కూడా లేచింది. దాని మీద ఇసుక నింపి, పైన బండలు పరవాలి. ఆ సమయానికి ఇసుక బండ్లు రాలేదు. మేస్త్రీ బొల్లయ్య వచ్చి, "తల్లీ, ఒడ్డున నల్లరేగడి బోలెడుంది. పోసేయమంటావా?" అన్నాడు.

కుందమ అప్పుడు తన లెక్కలను తాటాకుల మీద అందంగా తిరగరాసుకుంటోంది. రాజుగారికి చూపించాలని ఆమె ఆశ. తలెత్తకుండానే, "పోయండి, ఏదైనా మన్నే కదా," అంది.

ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉంది. కమాను కట్టేటప్పుడు కింద కర్రల ఆసరా పెడతారు. పని పూర్తయ్యాక, ఆ కర్రలు తీసే ముందు, లెక్కగట్టినవారిని జనం ముందు నిలబెట్టి మూడు ప్రశ్నలు అడుగుతారు. మూడింటికీ అవునంటేనే కర్రలు తీస్తారు. ఏ ఒక్కదానికి కాదన్నా, వారు ఉంగరం విప్పి కొలువు వదిలి వెళ్ళాలి.

ఆ రోజు వచ్చింది. రాజుగారు వచ్చారు. ఒడ్డున జనం కిటకిటలాడారు. వంతెన దాటాలని చేపల బుట్టతో ముసలి గంగులమ్మ అందరికంటే ముందు నిలబడింది.

"రాయి చూశావా?" అన్నారు రేచనగారు.

"చూశాను."

"పునాది చూశావా?"

"చూశాను."

"బరువు చూశావా?"

కుందమకు నల్లరేగడి గుర్తొచ్చింది. ఆమె లెక్కగట్టింది ఇసుక బరువు. ఇసుకలో పడిన నీరు జారిపోతుంది. రేగడి నీటిని తాగుతుంది, బరువెక్కుతుంది, ఉబ్బి పక్క గోడలను నెడుతుంది. ఎదురుగా వంతెన దాటడానికి గంగులమ్మ నిలబడి ఉంది. ఆమె వెనుక పిల్లలు.

"చూడలేదు. కర్రలు తీయవద్దు," అంది కుందమ.

జనం గొల్లున నవ్వారు. "చదువులో ముందు పీట, పనిలో వెనక పీట!" అన్నాడొకడు. "ఇంతసేపు ఎండలో నిలబెట్టి ఇదా నువ్వు చెప్పేది? నా చేపలు కుళ్ళిపోవూ!" అని గంగులమ్మ కసిరింది.

సేనాపతి ముందుకొచ్చాడు. "ప్రభూ, ఎండిన మట్టి రాతిని ఏం చేస్తుంది? ఈ పిల్ల బెదిరింది."

కుందమ ఉంగరం విప్పి రాజుగారి పాదాల దగ్గర పెట్టింది. ఒక కాల్చిన కుండ తెప్పించింది. అందులో పొడి రేగడిని దిమ్మిసతో గట్టిగా కూరి, నీళ్ళు పోసి, మూతి మీద బండ పెట్టి బిగించి కట్టింది.

అందరూ చూస్తూ కూర్చున్నారు. ఒక జాము గడిచింది. ఏమీ కాలేదు. రెండో జాము గడిచింది. సేనాపతి నవ్వాడు. మూడో జాములో, ఎవరూ ముట్టుకోకుండానే, కుండ టప్పున పగిలింది.

వేలితో నొక్కితే అణిగే మట్టి, నిప్పుల్లో కాలిన కుండను చీల్చింది! రాజుగారు ఆసనం మీద నుంచి లేచి నిలబడ్డారు.

"తప్పెవరిది?" అన్నారు మెల్లగా.

"నాదే ప్రభూ. మేస్త్రీ నన్ను అడిగాడు. నేను తలెత్తలేదు."

"కట్టుబాటు ప్రకారం ఉంగరం నా దగ్గరే ఉంటుంది," అన్నారు రాజుగారు. "కాని ఆ రేగడి తీసేదాకా నువ్వు వెళ్ళడానికి వీల్లేదు."

కుందమ కొంగు బిగించింది. కూలీలతోపాటు తట్ట నెత్తికెత్తుకుంది. నెల రోజులు రేగడి తోడి ఇసుక నింపింది. ఆమెను మెచ్చుకున్నవారు లేరు, ఆమె ఎదురుచూడనూ లేదు.

నెల తరువాత మూడు ప్రశ్నలకూ అవునని చెప్పింది. కర్రలు ఒక్కొక్కటే జారాయి. కమాను ఒక్కసారి మూలిగింది. నిలిచింది.

రేచనగారు రాజుగారి వైపు తిరిగి, "ప్రభూ, అవునని చెప్పేవారిని చాలామందిని చూశాను. కాదనగలిగిన ఈ పిల్లను వదులుకోలేను," అన్నారు. రాజుగారు తానే ఉంగరం తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

తొలకరిలో ఏరు పొంగింది. గంగులమ్మ బుట్ట సర్దుకుని, పక్కవారితో బేరమాడుతూ, కిందికైనా చూడకుండా వంతెన దాటిపోయింది. ఆమె వెనుక పిల్లలు, గొడ్లు, బండ్లు. వారిలో ఒక్కరికీ కుందమ పేరు గుర్తులేదు. కుందమ వానలో తడుస్తూ, ఆ నమ్మకాన్ని చూసి, ఎవరికీ కనబడకుండా చేతులు జోడించింది.

తన తప్పును తానే నలుగురిలో ఒప్పుకోగలిగినవారే నలుగురి ప్రాణాలకు పూచీపడే పనికి తగినవారు.