రాజుగారి కారుకి తగిలిన దిష్టి

గోగులవలస రాజా జగ్గభూపతిగారికి ఓ వేసవిలో విచిత్రమైన కోరిక పుట్టింది. బావమరిదికి కారులో చలి పుట్టించాలట! అదీ రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో.

అప్పటికి జమీందారీలు పోయాయి. పోతేనేం, రాజుగారి దర్బారు పోలేదు, కోరికలూ పోలేదు. ఆయనకో పాతకాలపు ఎర్ర స్పోర్ట్స్ కారుండేది. ఇద్దరే పడతారు. దానికి మద్రాసులో ఏసీ పెట్టించుకొచ్చారు.

"నెలాఖరు ఆదివారం మా బావమరిది వస్తాడు. కారెక్కించి ఊరంతా తిప్పుతాను. 'చలి బావా, ఓ శాలువా ఇప్పించు' అని వాడి నోటితో వాడే అడగాలి!" అని రాజుగారు కాశ్మీరు శాలువా కూడా కొని ఉంచారు.

తీరా చూస్తే, నాలుగు రోజులకే ఏసీ ఆగిపోయింది. పట్నం నుంచి మెకానిక్కు వచ్చి, తీగ పాడైందని కొత్తది వేసి వెళ్ళాడు. చల్లగాలి వచ్చింది. వారం తిరక్కుండానే మళ్ళీ వేడిగాలి! మళ్ళీ మెకానిక్కు, మళ్ళీ కొత్త తీగ, మళ్ళీ అదే కథ.

"ఇది తీగల జబ్బు కాదు మహాప్రభో, దిష్టి!" అన్నాడు పేరయ్య సిద్ధాంతి. ఆస్థాన జ్యోతిష్కుడు. తనకి తెలియనిది బ్రహ్మకి కూడా తెలియదనుకునే రకం. ఏసీ వచ్చిన రోజు నుంచే, దిష్టి తగలకుండా అని బానెట్ ఎత్తించి, సరిగ్గా ఆ ఏసీ తీగ మీదే మంత్రించిన నిమ్మకాయలు కోసి దండ గుచ్చి కట్టేవాడు. గాలి ఆగినప్పుడల్లా దండకి ఇంకో రెండు కాయలు తగిలించేవాడు.

"ఎవరి దిష్టి?" అన్నారు రాజుగారు.

"రోజూ దాన్ని కళ్ళప్పగించి చూసేదెవరు? పైడయ్యే!"

కారు నడిపేది రాజుగారు. కడిగేది, తుడిచేది, తుడిచాక నిలబడి మురిసిపోయేది పైడయ్య. పాపం, అతను రాజుగారి కాళ్ళ మీద పడ్డాడు.

"నా కళ్ళు పేలిపోను బాబూ! సొంత బిడ్డనాగ సూసుకుంతన్నాను. నన్ను గెంటేత్తే పిల్లల్నట్టుకుని యాడికి పోను?"

రాజుగారు వినలేదు. "శనివారం లోపల గాలి రాకపోతే మూటాముల్లె సర్దుకో!" అనేశారు.

అక్కడే ఉన్నాడు గవర్రాజు. రాజుగారు భోంచేస్తున్నంతసేపూ కబుర్లు చెప్పడం అతని కొలువు. వెళ్ళి బానెట్ లోపలికి తొంగిచూశాడు. ఊరగాయ జాడీ మూత తీసినట్టు గుప్పున పులుపు వాసన!

"ప్రభూ, ఈ నిమ్మకాయల మీదే నా అనుమానం," అన్నాడు.

"హవ్వ! మంత్రించిన కాయల్ని అనుమానిస్తావా? నువ్వు మెకానిక్కువా, మాంత్రికుడివా?" అని సిద్ధాంతి గయ్యిమన్నాడు. రాజుగారు కూడా చెంపలేసుకుని, గవర్రాజు చేత కూడా వేయించారు.

సరే, ముల్లుని ముల్లుతోనే తియ్యాలి కదా!

"తప్పయింది సిద్ధాంతిగారూ," అన్నాడు గవర్రాజు వినయంగా. "ఇంత గొప్ప రక్ష మీ రేడియోకి కట్టుకున్నారా?"

ఆ రేడియో అంటే సిద్ధాంతికి ప్రాణం. "దానికెందుకయ్యా? గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుంటాను. పరాయి కన్ను పడనే పడదు!"

"అయినా కట్టండి, వెనకాల తీగల మీద, అచ్చం కారుకి కట్టినట్టే. ప్రభువులకి మంచిదైన రక్ష మీకు మంచిది కాదా ఏం?"

"అవునయ్యా, కట్టు!" అన్నారు రాజుగారు. ఇంకేం చేస్తాడు సిద్ధాంతి? కట్టాడు.

శనివారం వచ్చింది. కారులో గాలి రాలేదు. పైడయ్య మూట చంకన పెట్టుకుని దర్బారు గుమ్మంలో నిలబడ్డాడు. అంతలో సిద్ధాంతి వచ్చాడు, మొహం వేలాడేసుకుని.

"ఏమయ్యా, అలా ఉన్నావ్?" అన్నారు రాజుగారు.

"ఏం చెప్పను మహాప్రభో! నా రేడియో మూగబోయింది."

గవర్రాజు లేచి నించున్నాడు. "అయ్యయ్యో! ఆ గదిలోకి పైడయ్య గాని వచ్చాడా?"

"వాడెందుకొస్తాడు? తాళం నా దగ్గరే ఉంటేనూ!"

"పోనీ, మీ ఆవిడగారు?"

"ఆవిణ్ణి కూడా గడప తొక్కనివ్వను. నేను తప్ప ఈగని కూడా రానివ్వను!"

గవర్రాజు రాజుగారి వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఆ రేడియోని చూసినవి రెండే రెండు కళ్ళు. అవి పైడయ్యవి కావు. ఇప్పుడు మూట సర్దుకోవలసింది ఎవరో తమరే సెలవియ్యాలి."

దర్బారంతా సిద్ధాంతి కళ్ళకేసి చూసింది. పక్కనున్నవాళ్ళు ఓ అడుగు దూరం కూడా జరిగారు. సిద్ధాంతి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"కాదు కాదు! నా కన్ను కాదు మహాప్రభో! పొద్దున్నే విప్పి చూశాను. ఆ పాడు నిమ్మకాయల రసం కారి, తీగంతా చిలుం పట్టి తినేసింది! నిమ్మకాయలదే తప్పు!"

అన్నాక గాని తెలియలేదు, తానేం అన్నాడో. నాలిక కరుచుకున్నాడు.

"సిద్ధాంతిగారి వాక్కు బ్రహ్మవాక్కు ప్రభూ. ఇక బానెట్ ఎత్తిద్దామా?" అన్నాడు గవర్రాజు.

ఎత్తారు. దండ విప్పితే ఏముంది, తీగ అతుకు పచ్చగా చిలుం పట్టి పుటుక్కున ఊడి చేతికొచ్చింది. పైడయ్య దాన్ని గీకి, శుభ్రంగా తుడిచి బిగించాడు. రాజుగారు కారెక్కి, అద్దాలు మూసి, ఏసీ మీట నొక్కారు.

అందరూ కారు చుట్టూ మూగారు. కాసేపటికి అద్దం కొద్దిగా కిందికి దిగింది.

"ఒరే పైడయ్యా!" రాజుగారి పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఆ మూట అవతల పారేసి, ముందు నా శాలువా పట్టుకురా!"

పైడయ్య ఏడుస్తూ నవ్వుతూ పరిగెత్తాడు. దర్బారంతా గొల్లున నవ్వింది.

రాజుగారు కారు దిగి, ఆ శాలువాని గవర్రాజుకే కప్పారు. బావమరిదికి ఇంకోటి కొనచ్చన్నారు. తరవాత కారు తాళంచెవి పైడయ్య చేతిలో పెట్టి, "రేపట్నుంచి దీన్ని కళ్ళారా చూడు. ఎవడేమంటాడో నేనూ చూస్తా!" అన్నారు.

"మరి ఈ నిమ్మకాయలు ఏం చెయ్యమంటారు మహాప్రభో?" అన్నాడు సిద్ధాంతి, దండ పట్టుకుని, నేల చూపులు చూస్తూ.

గవర్రాజు శాలువా సర్దుకున్నాడు.

"మీ ఇంటికే పట్టుకెళ్ళండి సిద్ధాంతిగారూ. రేడియో ఎలాగూ పాడదు, ఉప్పేసి ఊరబెట్టుకోండి!"