రెండు వేదికలు, ఒకే గిట్ట

మనుషులు రాయి తవ్వడం మానేసి వెళ్ళిపోయాక ఆ క్వారీ జంతువులది అయింది. మూడు వైపులా నిలువు రాతిగోడలు. అక్కడ తుమ్మినా కొంతసేపు వినిపిస్తుంది.

గండశిల బ్యాండ్ పుట్టింది అక్కడే. గేదె బోలు బండ మీద గిట్టతో దరువు వేసేది. వడ్రంగిపిట్ట ఎండుమాను మీద ముక్కుతో డ్రమ్స్ వాయించేది. కోకిల పాడేది. ఏటా తొలకరికి ముందు కొత్త ఆల్బమ్ వినిపించేవారు. గోరువంకలు విని, నచ్చితే నేర్చుకుని అడవంతా పాడేవి. అవి ఎవరి ఆల్బమ్ ఎత్తుకుంటే మళ్ళీ తొలకరి దాకా క్వారీ వాళ్ళదే.

ఈ ఏడు ఆ క్వారీ మీద నక్క కన్నేసింది.

"కోకిల తమ్ముడూ, అందరూ వచ్చేది నీ గొంతు కోసం. ఆ గేదె చేసేదేముంది? నిలబడి కాలు ఆడిస్తుంది!"

వడ్రంగిపిట్టకూ ఇలాంటి మాటే చెప్పింది. రెండూ కట్ట కట్టుకుని నక్క వెంట పోయాయి. నక్క తన బృందానికి 'అసలు గండశిల' అని పేరు పెట్టింది.

"మరి తాళం ఎవరు వేస్తారు?" అనుమానంగా అడిగింది వడ్రంగిపిట్ట.

"నేనే. తోకతో," అంది నక్క.

గేదె ఎవరినీ బతిమాలలేదు. పాడటానికి మేకపోతును తెచ్చింది. దానిది గరుకు గొంతు, పైగా వణుకు. ముళ్ళపందినీ చేర్చుకుంది. అది వీపు విదిలిస్తే ముళ్ళు గలగలమంటాయి.

"గేదె, మేక, ముళ్ళపంది! ఇది బ్యాండా, పశువుల సంతా?" అని నక్క అడవంతా నవ్వుతూ తిరిగింది.

ఆల్బమ్ రోజు వచ్చింది. నక్క తన వేదికను గేదె వేదిక పక్కనే పెట్టించింది.

"ఇంత దగ్గరగానా?" అంది ముళ్ళపంది.

"మన పాట వినపడకుండా చెయ్యాలని," పళ్ళు నూరింది మేకపోతు. "పిన్నీ, ఇవాళ పోతే క్వారీ పోయినట్టే!"

గేదె నెమరు వేస్తూ పక్క వేదికను కాసేపు చూసింది.

"మొదటి పాట పాత దరువులో మొదలుపెడదాం."

"కొత్త ఆల్బమ్‌కి పాత దరువా? నవ్విపోతారు!"

"దరువే పాతది, పాట నీదే. ఆ వడ్రంగిని చూడు. వాయించేటప్పుడు వాడి ముఖం ఎటు ఉంటుంది?"

"మాను వైపు."

"నక్క తోక?"

మేకపోతు చూసింది. తోక సరిగ్గా వడ్రంగిపిట్ట వెనకాల ఉంది. మేకపోతు గడ్డం కదిలింది.

"వీడికి కనిపించదు కదా!"

"వినిపించనూ వినిపించదు. ఇన్నేళ్ళూ వాళ్ళిద్దరూ చెవితో పట్టుకున్నది నా గిట్టను. పక్కనే కూర్చోబెట్టాడు, మహానుభావుడు."

గోరువంకల పెద్ద తలూపగానే నక్క వేదిక ముందు మొదలైంది. నక్క తోక ఊపింది. కోకిల ఎత్తుకుంది. వడ్రంగిపిట్ట వెనకబడింది. అది అందుకునేసరికి కోకిల ఆగిపోయింది.

"సాగదీస్తావేంట్రా?"

"నువ్వే పరిగెడుతున్నావ్!"

అప్పుడు పక్క బండ మీద గిట్ట పడింది. ధమ్. మళ్ళీ ధమ్. రాతిగోడలు అందుకున్నాయి. వడ్రంగిపిట్ట ముక్కు దానంతటదే ఆ దరువులో పడింది. కోకిల అలవాటు కొద్దీ రెండో దెబ్బకు గొంతెత్తింది.

"ఆగండ్రా!" అరిచింది నక్క. "ఇటు చూడండి! తోక! తోక!"

ఎవరు చూస్తారు? మేకపోతు గరుకు గొంతు కింద నుంచి లేస్తోంది, దాని మీదుగా కోకిల రాగం జారుతోంది, మధ్యలో ముళ్ళు గలగల. అలాంటి పాట ఆ క్వారీ ఎన్నడూ వినలేదు. కుందేళ్ళు వెనక కాళ్ళ మీద లేచాయి. అడవిపందులు ఊగాయి. నక్క అరుపు కూడా కాసేపటికి దరువులోనే పడింది.

ఆల్బమ్ అయ్యేసరికి క్వారీ దద్దరిల్లింది. గోరువంకల పెద్ద గేదె ముందు వాలింది.

"మొత్తం ఎత్తుకుంటున్నాం, అమ్మా. క్వారీ మీదే."

"వాళ్ళిద్దరూ మావాళ్ళు!" నక్క అడ్డం వచ్చింది.

"మీవాళ్ళయితే వాళ్ళ పాట ఎందుకు పాడారు?" అంది గోరువంకల పెద్ద.

కోకిల మెల్లగా గేదె పక్కకు చేరింది.

"అక్కా, మళ్ళీ రమ్మంటావా?"

"గాయకుడు ఉన్నాడు. కోరస్‌లో ఖాళీ ఉంది. వడ్రంగిని కూడా పిలుచుకురా."

తొలకరి పడేలోగా ఆ ఆల్బమ్ అడవి చివరి దాకా పాకింది. గోరువంకలు విన్నది విన్నట్టు నేర్చుకుంటాయి. అందుకే మొదటి పాట చివర ప్రతి కొమ్మ మీదా "ఆగండ్రా! తోక! తోక!" అని వినిపిస్తుంది. జంతువుల పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. నక్క ఇప్పుడు తోక కాళ్ళ మధ్య పెట్టుకునే తిరుగుతోంది.

నీతి: పేరున్నవాళ్ళను లాక్కుపోయే ముందు, వాళ్ళ చెవి ఎవరి మీద ఉందో చూసుకోవాలి.