తాతగారి సరిహద్దు పటం

ఏటి ఒడ్డున నాగులవెల్లి అనే రాజ్యం ఒకటి ఉండేదట. రాజ్యం చిన్నది, రాజుగారి మీసాలు పెద్దవి. ఆయన పేరు వీరభుజంగ రాయలు.

ఒకనాడు ఆయన కొత్తగా రాయించిన సరిహద్దు పటం చూసి మండిపడ్డాడు. ఏటికి అవతలి మూడు ఊళ్లూ పొరుగు రాజువిగా గీసి ఉన్నాయి. పటం రాసిన ముసలి పిన్నయ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా ఊళ్లు దానం చెయ్యడానికి నువ్వెవడివిరా?"

"దానం కాదు ప్రభూ. తమ తండ్రిగారి కాలంలోనే అవి చేజారాయి. ఉన్నదే గీశాను."

"మా తాతగారి పటంలో అవి మావి! పాతదే ప్రమాణం. రేపు పొద్దున్నే వీడి బొటనవేలు తెగ్గొట్టండి!"

ఆస్థానంలో హాస్యానికి పేరుపడ్డ మాచన ఆ మాట విని ముందుకొచ్చాడు. బొటనవేలు పోతే ఆ ముసలివాడు ఇక కుంచె పట్టలేడు. అలాగని రాజుతో వాదిస్తే, పొట్టేలు కొండను ఢీకొన్నట్టే. అందుకని ముఖాన నవ్వు పులుముకున్నాడు.

"ఎంత పాతదైతే అంత ప్రమాణమా ప్రభూ?"

"అంతే! సందేహమా?"

"అయితే తాతగారి పటం తెప్పించండి. కళ్లకద్దుకుంటాం."

పటం తెచ్చి పరిచారు. బట్ట దొరకడం కష్టమని, పటాలు రాసేవాళ్లు పాతదాని మీదే చింతగింజల అంబలీ సుద్దా పూసి కొత్తది రాసేవారు. ఈ పటం అంచున సుద్ద పెచ్చులేచి, లోపలి నల్లగీత తొంగిచూడడం మాచన ఎప్పుడో గమనించాడు. చెంబుడు నీళ్లు అడిగి, తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్! ఏమిటా పని?"

"ఇంకా పాతదాన్ని బయటికి తీస్తున్నాను ప్రభూ, తమరి మాట ప్రకారమే. పైపూత నీళ్లకు పోతుంది, అడుగున ఉన్న కరక్కాయ నలుపు పోదు."

సుద్ద కరిగింది. తాతగారి తాతగారి నాటి పటం తేలింది. అందులో నాగులవెల్లి గుప్పెడంత ఉంది. ఇప్పుడు కోట ఉన్నచోట నాలుగు ఆవుల బొమ్మలు, పక్కనే పొరుగు రాజుల ముద్ర.

మాచన చేతులు జోడించాడు. "ప్రభువులు సింహాసనం దిగాలి. మనం కూర్చున్నది పరాయివాళ్ల పశువుల బీడులో."

"నోర్ముయ్! ఈ చోటు మా తాతగారు కత్తితో గెలిచారు. అది అప్పటి పటం, ఇప్పుడు చెల్లదు!"

అనేసి రాజు ఆగిపోయాడు. తన నోటితో తానే పిన్నయ పక్షాన తీర్పు చెప్పేశానని అర్థమైంది. కాసేపు మీసం నమిలి, ఒక్కసారిగా పకపకా నవ్వాడు. రాజుగారు నవ్వాక సభకూ ధైర్యం వచ్చింది.

మాచనకు బంగారు కంకణం, పిన్నయకు పట్టుశాలువా ఇచ్చాడు.

"పిన్నయా, నీ పటమే ఖాయం. ఈసారి కరక్కాయ నలుపుతో రాయి. ఎన్నటికీ చెరగకూడదు."

పిన్నయ బెదురుగా తన బొటనవేలు వంక చూసుకున్నాడు.

"వద్దు ప్రభూ, సుద్ద మీదే రాయనివ్వండి," అన్నాడు మాచన. "నీళ్లతో పోయేదాని కోసం మీ మునిమనవలు ఎవడి వేలూ కొయ్యరు."