రాచసుత్తి, రాణిగారి ముక్కుపుడక

ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజుండేవాడు. మీ మామగారు చెప్పగా విన్న కథ, అలివేలూ; ఆయన ముందు సుత్తి చేయించాడో, ముందు శాసనం వేశాడో, నాకు వరస తారుమారు కావచ్చు. చేయించడం మాత్రం చేయించాడు.

ఆయుధపూజనాడు పనివాళ్ల సుత్తులు చూసి ఆయనకు చిరాకేసింది. "ఒక రాజ్యానికి ఇన్ని రకాల సుత్తులా?"

వెంటనే మూడు వీశెల బరువున్న సుత్తి ఒకటి తయారయింది. తల మీద బంగారు పూలు, నెయ్యి రాసి నునుపు చేసిన దంతపు పిడి. కమ్మరి, వడ్రంగి, కంసాలి అందరూ ఇంత తూకం సుత్తే వాడాలి, లేదా దేశం విడవాలి అని చాటింపు వేయించాడు.

కంసాలి సోమోజు రాణిగారి ముక్కుపుడకను చిన్న సుత్తితో సరిచేస్తూ భటులకు దొరికిపోయాడు.

"నా ఎదుట రాచసుత్తితో చెయ్యి. లేదా పొద్దుగుంకేలోగా భార్యాబిడ్డలతో పొలిమేర దాటు" అన్నాడు రాజు.

సోమోజు రాచసుత్తిని చెవి దగ్గర ఆడించి చూశాడు. పిడి మీద దాని తల లొటలొటలాడింది.

"చిత్తం మహాప్రభూ. మా పనిలో ఒక ఆచారముంది. దాగలి దిమ్మ మీద వస్తువును ఒకరు పట్టాలి, ఒకరు కొట్టాలి. దేనితో కొట్టాలో పట్టినవాడిదే మాట, వేళ్లు వాడివి గనక. రాణిగారి నగ పట్టడానికి తమకంటే అర్హులెవరు?"

రాజు మీసం దువ్వి, దాగలి దగ్గర కూర్చుని, ముక్కుపుడకను రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

"అందరూ దూరం జరగండి" అంటూ సోమోజు సుత్తి ఎత్తాడు.

రాజు తల పైకెత్తాడు. "ఆగు! అది ఊగుతోందేమిటి?"

"పిడి బిగువు లేదు ప్రభూ. పైగా నెయ్యి, చెయ్యి జారుతోంది."

"నీ చిన్న సుత్తి తీసుకోవయ్యా!"

"తీసుకుంటే దేశం విడవాలి గదా?"

"పట్టినవాడిదే మాటన్నావు! పట్టింది నేను! నీదే తీసుకో!"

సభలో వాళ్లు ఉత్తరీయాలు నోటికడ్డం పెట్టుకున్నారు. సోమోజు రాచసుత్తిని నేలమీద పెట్టి, మొలలోంచి తన సుత్తి తీసి, పిడి బిగువు చూసుకుని, మూడే మూడు దెబ్బలు మెల్లగా వేశాడు. పుడక సరయింది.

రాజు వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. పదీ ఉన్నాయి. అప్పుడు పకపకా నవ్వాడు.

"శాసనం రద్దు! ఎవరి పనికి తగ్గ సుత్తి వారిది. ఇక రాచసుత్తిని ఏం చేయమంటావు?"

"గోడకు వేలాడదీయించండి ప్రభూ. కింద మాత్రం ఎవరినీ కూర్చోనివ్వకండి."

రాజు మళ్లీ నవ్వి, తన చేతి కడియం తీసి సోమోజుకు తొడిగాడు.

అలివేలూ, రాజు పేరు తప్పయినా ఫరవాలేదు. ఆ కంసాలి సోమోజో, మాదోజో, మీ మామగారినడిగి ఒక్కసారి సరిచూడమ్మా.