కబుర్లు చెబుతూ కొండెక్కిన గొర్రె

ఆ వేసవిలో ఎర్రకొండ కింద గడ్డి మొత్తం ఎండిపోయింది. కొండ మీద ఊట పక్కన మాత్రం పచ్చగా ఉందని కాకులు చెప్పాయి. ఆ మాట విన్నప్పటి నుంచి చెంగమ్మ అనే గొర్రెకు కాలు నిలవలేదు. అది చూడి గొర్రె. పుట్టబోయే పిల్లకు పాలు చాలాలంటే పచ్చిమేత తినాలి. కానీ పుట్టి బుద్ధెరిగాక చెంగమ్మ ఎక్కిన ఎత్తు కాలవ గట్టు ఒక్కటే.

కొండ మొదట్లో దారి రెండుగా చీలుతుంది. ఒకటి బండల మీదుగా నిటారుగా పోతుంది. రెండోది వంకరలు తిరుగుతూ సాగుతుంది. గాడిద వీరాసామి ఆ వంకర దారిలోనే పైకి ఉప్పు, కిందికి చింతపండు మోస్తుంది.

"మామా, నేను ఏ దారిన పోను?" అని అడిగింది చెంగమ్మ.

"నా వెంట రా. ఇవాళ సగంలో ఉన్న ఉసిరిచెట్టు దాకా పోయి ఆగు. మిగతాది రేపు."

"రెండు రోజులా!"

"బరువుతో ఎక్కేటప్పుడు మేం కబుర్లు చెప్పుకుంటూ ఎక్కుతాం. కబురు ఆగిందంటే ఆ ఎత్తు మన ఒంటికి ఎక్కువన్నమాట. ఆగాలి, లేదా వెనక్కి తిరగాలి. నీ కడుపులోనూ బరువుంది కదమ్మా."

అంతలో పొదలోంచి నక్క జంబన్న వచ్చింది. బండల దారి కింద లోయలో దాని కాపురం. పైనుంచి జారిపడ్డ మేకలను తినే దాని ఒళ్లు అంత నున్నగా తేలింది.

"కొత్తవాళ్లకు పొట్టి దారే మేలు చెల్లెమ్మా. నేను రోజూ ఎక్కేదే, గంటలో పైనుంటావు. ఆ గాడిదకేం, దానికి వేరే పనేముంది?"

తక్కువ నడకైతే తక్కువ కష్టమని లెక్క వేసుకుంది చెంగమ్మ. వీరాసామి చెవులాడించి తన దారిన పోయింది.

"సరే అన్నా, నువ్వూ రా. కబుర్లు చెప్పడానికి తోడు కావాలి."

నక్క గతుక్కుమంది. కింద కాచుకుని కూర్చోవడమే తప్ప అది ఆ దారి ఎన్నడూ ఎక్కలేదు. రానంటే నోటి దగ్గరి కూడు పోతుంది. చేసేది లేక ముందు నడిచింది.

"పైన గడ్డి ఎలా ఉంటుందన్నా?"

"మోకాలెత్తు... చెల్లెమ్మా... ఊట పక్కన..."

మూడో బండ దగ్గర రెండింటికీ మాట ఆగిపోయింది. చెంగమ్మ కడుపులో పిల్ల తన్నింది. కాసేపటికి ఊపిరి కూడదీసుకుని, "అన్నా, కబురు ఆగింది. నేను దిగిపోతా" అంది.

"ఇంకొక్క బండేగా!"

"రోజూ ఎక్కే దారిలో ఎవరైనా ఇంతలా రొప్పుతారా అన్నా?"

నక్కకు రోషం వచ్చింది. "చూడు మరి!" అంటూ నాలుగో బండ మీదికి ఎగిరింది. ఎక్కడమైతే ఎక్కింది. తీరా వెనక్కి చూస్తే కింద లోయ. దిగడానికి కాలు రాలేదు.

చెంగమ్మ మెల్లగా దిగి, వంకర దారి పట్టి, ఉసిరిచెట్టు కింద వీరాసామిని కలుసుకుంది. మర్నాడు కబుర్లు తెగకుండానే రెండూ పైకి చేరాయి. చెంగమ్మ కడుపునిండా మేసింది.

ఆ మధ్యాహ్నం చింతపండుతో దిగుతున్న వీరాసామిని చూసి బండ మీది నక్క మొత్తుకుంది. "మామా, దిగే దారి చెప్పవూ!"

"పొట్టిదా, పొడుగుదా?"

"ఏదైనా సరే!"

"పొడుగుది నీకు అందదు. పొట్టిది నేరుగా నీ కాపురం దాకా పోతుంది."

సాయంత్రానికి పట్టుతప్పి, జారిపడి నక్క ఆ దారినే దిగింది. లోయలో కాచుకుని కూర్చునేవాళ్లు ఈసారి ఎవరూ లేరు.

కొత్తగా కొండెక్కేవాళ్లు దారి పొడవు కాదు, తమ ఊపిరి కొలుచుకోవాలి.