మాటకి కట్టుబడ్డ అన్నదమ్ములు

ఉప్పులపేట సముద్రపు ఒడ్డున నూకన్న, పోలన్న, ఎల్లాజీ అని ముగ్గురు అన్నదమ్ములుండేవారు. ఊరి మొత్తానికి బుర్రంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. చేపల వేటకెళ్ళినప్పుడు గుసగుసగానే మాట్లాడుకునేవారు. చేపలకి చెవులెక్కడివని ఎవరైనా అడిగితే, నీళ్ళకి ఉండొచ్చు కదా అనేవారు.

ఒక పొద్దున పక్కూరి దానయ్య నూకన్నకి ఫోన్ చేశాడు. మీ దుంగల తెప్ప నాకు అమ్మేయండి, మంచి ధర ఇస్తానన్నాడు. మర్యాదగా అడిగినవాణ్ణి కాదనడం నూకన్నకి చేతకాదు. సరే ఇస్తానన్నాడు. రేపొచ్చి పట్టుకెళ్తానని దానయ్య ఫోన్ పెట్టేశాడు.

ఇంకేముంది, వాళ్ళమ్మ కాసులమ్మ నెత్తి బాదుకుంది. ఇంటిల్లిపాదికీ కూడు పెట్టేది ఆ తెప్పే. అది పోతే ఈదుకుంటూ వెళ్ళి చేపల్ని నోటితో పడతారా అని నిలదీసింది. ముగ్గురూ ఆలోచించారు. నోట్లో చేపుంటే గుసగుసలాడటం కుదరదు. అంతే, తెప్ప ఇవ్వకూడదని తేల్చేశారు. అసలు ఫోన్‌లో అన్నది మాటే కాదు పొమ్మన్నాడు పోలన్న. నూకన్నకి మాత్రం బెంగ తీరలేదు.

"మాటొక్కటే అయితే పర్లేదొరే. తలకాయ కూడా ఊపీసినాను."

"అది దానయ్యకి అగుపడ్నేదు కదేటి," అని ఎల్లాజీ ధైర్యం చెప్పాడు.

ఎందుకైనా మంచిదని పట్నంలో ప్లీడరుగారి దగ్గరికెళ్ళారు. ఆయన అంతా విని, కాయితం మీద రాసుకోకపోయినా, ఫోన్‌లో అనుకున్నా, ఇద్దరూ ఒప్పుకున్నాక అది ఒప్పందమేనన్నాడు. కోర్టుకెక్కితే రుజువు చేసుకోవడం కష్టమంతే.

"అన్నాక కట్టుబడి ఉండాలి. మాట మీద నిలబడాలి. దానయ్య సరేనంటే మాత్రం మాట వెనక్కి తీసుకోవచ్చు," అన్నాడు.

అంతే. బయటికి రాగానే తాడు కొని ముగ్గురూ నడుములు కలిపి కట్టుకున్నారు. బస్సులో కండక్టరు మూడు టికెట్లంటే, కట్ట ఒకటే కదా, ఒక టికెట్ చాలని వాదించారు. దారి మధ్యలో దింపేశాడు. ఒకడు గోతిలో పడితే మిగతా ఇద్దరూ పడుతూ, ముగ్గురూ ఇంటికి చేరారు.

ఇక మాట మీద నిలబడాలి. మాట ఎక్కడుంది? ఫోన్‌లో ఉంది. నూకన్న ఫోన్‌ని ఇసకలో పెట్టి ఎక్కాడు. కట్టు ఉంది కాబట్టి తమ్ముళ్ళూ ఎక్కారు. ఫోన్ పటపటమని పగిలింది. మాట విరిగిపోయిందిరో అని ముగ్గురూ గొల్లుమన్నారు.

తెల్లారి దానయ్య వచ్చాడు. కాసులమ్మ అతని చేతులు పట్టుకుని, తెప్ప పోతే పొయ్యి వెలగదని చెప్పింది. దానయ్య మంచివాడు. ముందే చెబితే నేనెందుకు అడుగుతాను వదినా, మాట వెనక్కి తీసేసుకోండి అన్నాడు.

ఇంకేముంది, ముగ్గురూ అతని మీదపడ్డారు. మాట చెవిలోంచి వెళ్ళింది, చెవిలోంచే తియ్యాలి. పోలన్న అతని తల ఒడిసి పట్టాడు. ఎల్లాజీ గేలం తీశాడు. దానయ్య విదిలించుకుని పరుగు లంకించుకున్నాడు. నడుముల కట్టుతో సహా ముగ్గురూ వెంటపడ్డారు. చివరికి ఒక ఇసకదిబ్బ మీంచి అతను ఒగరుస్తూ అరిచాడు.

"మాట వచ్చీసిందిరా, నా చెవిలో ఏటీ నేదు. మీకింక ఏ కట్టూ నేదు. అన్నీ ఇప్పీసుకోండి."

ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. నడుముల తాడు విప్పుకున్నారు. అన్నీ అన్నాడు కదాని మేకని విప్పారు, అది పారిపోయింది. బట్టలారేసిన దండెం విప్పారు, చీరలు ఇసకలో పడ్డాయి. కాసులమ్మ చీపురు తీసేసరికి తెప్పెక్కి వేటకి పోయారు.

అలలు దాటాక ఎల్లాజీకి గుర్తొచ్చింది. కాళ్ళ కింద దుంగల్ని కలిపి బిగించిన తాళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. ఇదీ కట్టే కదన్నయ్యా, మాట తప్పినట్టవదూ అన్నాడు. నిజమేనని ముగ్గురూ కూర్చుని, ముడి తరవాత ముడి శ్రద్ధగా విప్పేశారు.

దుంగలు తలో దిక్కుకీ తేలిపోయాయి. దుంగకొకడు వేలాడుతున్నాడు. ఒడ్డున కాసులమ్మ గుండెలు బాదుకుంటోంది. నూకన్న మాత్రం మొహం విప్పారగా గట్టిగా కేకేశాడు.

"ఏడవకే అమ్మా. తెప్పలు మూడయినాయి. దానయ్యకి ఒకటి ఇచ్చేత్తామని సెప్పు."